గెలిచాక మళ్ళీ ఒట్టెందుకు?

గార్లదిన్నె మండలంలో ఏడో తరగతి చదువుతున్న ఒక పాప అడిగిన ప్రశ్న ఇది. తమ మండలంలోని ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు దేశానికి ఆరో రాష్ట్రపతి అయ్యారని, 1977 జూలై 25న ఢిల్లీలో ప్రమాణ స్వీకారం చేశారని బడిలో చెప్పారట. ఇంటికొచ్చి పుస్తకాల సంచి దించీ దించకముందే అడిగింది: "గెలిచినాడు గదా, మళ్ళా ఒట్టు పెట్టుకునేదెందుకు? ఏమని పెట్టుకున్నాడు? ఎవరి మీద పెట్టుకున్నాడు?"

మూడూ మంచి ప్రశ్నలే. పెద్దవాళ్ళం టీవీలో ఎన్నో ప్రమాణ స్వీకారాలు చూస్తాం. ఎవరికి ఏ పదవి వచ్చిందో గుర్తుపెట్టుకుంటాం గానీ, వాళ్ళు నిలబడి ఏమన్నారో పెద్దగా పట్టించుకోం. ఆ పాప పట్టించుకుంది. కాబట్టి తొందరపడకుండా, మన ఇంట్లో మాట దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టూ ఎక్కుదాం.

ముందు ఒట్టు అంటే ఏమిటో చూద్దాం. "నా పెన్సిలు నువ్వే తీసినావు" అని తమ్ముడు అంటే, "లేదురా, అమ్మతోడు!" అంటావు. అమ్మ పేరే ఎందుకు వస్తుంది? అమ్మ కంటే ఎక్కువైనది నీకు ఏదీ లేదు కాబట్టి. అంత ఇష్టమైన మనిషిని పక్కన నిలబెట్టుకుని ఎవరూ అబద్ధం చెప్పరని తమ్ముడికి కూడా తెలుసు. అందుకే వాడు నమ్ముతాడు. అంటే ఒట్టులో మూడు ఉండాలి. మాట చెప్పే మనిషి, ఆ మాట, ఆ మాటకు తోడుగా నిలిచే సాక్షి. సాక్షి లేకపోతే అది ఒట్టి మాట. సాక్షి ఉంటే ఒట్టు పెట్టిన మాట.

ఇంట్లో తెగని తగాదా అయితే ఇంకాస్త పెద్ద సాక్షి దగ్గరికి వెళతారు. మన రాయలసీమలో అందరికీ తెలిసిన చోటు చిత్తూరు జిల్లా కాణిపాకం. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేయడం అక్కడి ఆచారం. అప్పు తీర్చానని ఒకరు, తీర్చలేదని ఇంకొకరు వాదులాడుకుంటూ ఉంటే, "కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా?" అని అడగడం ఇప్పటికీ వింటాం. ఇలాంటి ప్రమాణాలకు ఒకప్పుడు కోర్టులోనూ చోటుండేది. 1873 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం, "అవతలివాడు ఫలానా విధంగా ప్రమాణం చేస్తే నేను ఒప్పుకుంటాను" అని ఒక పక్షం అంటే, అవతలివాడు అలాగే చేస్తే, కోర్టు దాన్ని తిరుగులేని సాక్ష్యంగా తీసుకునేది. 1969లో వచ్చిన కొత్త చట్టంలో ఆ పద్ధతిని తీసేశారు.

అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. పెన్సిలు గొడవా, కాణిపాకం ప్రమాణమూ జరిగిపోయిన దాని గురించి. "నేను తీయలేదు", "నేను తీర్చేశాను" అని చెప్పడం. రాష్ట్రపతి ఒట్టు అలాంటిది కాదు. అది జరగబోయే దాని గురించి. "నేను ఇలా చేస్తాను" అని చెప్పడం. జరిగిపోయిన దానికి ఎక్కడో ఒక రుజువు దొరకవచ్చు. జరగబోయే దానికి ఈరోజు ఏ రుజువూ ఉండదు. ఉన్నది మాట ఒక్కటే. అందుకే ఆ మాట ఏమిటో అందరి ముందూ స్పష్టంగా, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా చెప్పించుకోవాలి. రేపు "నేనలా అనలేదు" అనడానికి వీల్లేకుండా ఉండాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. గెలిచాక మళ్ళీ ఎందుకు?

అనంతపురం జిల్లాలో చెరువు విలువ తెలియని బిడ్డ ఉండదు. ఏడాదికి సగటున అయిదున్నర వందల మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప అనుకునే నేల ఇది. చెరువు నిండితే ఆ నీళ్ళను ఆయకట్టులో ఎవరి మడికి ఎప్పుడు వదలాలో చూసే మనిషిని నీరుగంటి అంటారు. మీ ఊరంతా కలిసి ఒకాయన్ను నీరుగంటిగా ఎంచుకున్నారు అనుకుందాం. ఎంచుకోవడంతో తూము దగ్గర ఎవరు నిలబడాలో తేలింది. కానీ ఎలా నిలబడాలో తేలలేదు. తన చేనికి ముందు వదులుకుంటాడా? చివరి మడిదాకా నీళ్ళు పోనిస్తాడా? అందుకే తూము ఆయన చేతికి అప్పగించే ముందు, రచ్చకట్ట దగ్గర అందరి ఎదుటా "నీళ్ళు నావి కావు, ఊరివి. వంతు తప్పను" అని చెప్పించుకోవడం న్యాయం. చెప్పించుకోవాల్సింది కూడా ముందే. తూము తిప్పిన తర్వాత చెప్పించుకుని ఏం లాభం?

రాజ్యాంగం చేసేదీ ఇదే. పదవిలో అడుగు పెట్టకముందే ప్రమాణం చేయాలని 60వ అధికరణం చెబుతుంది. ఎన్నికల్లో గెలిచినా, ప్రమాణం చేసేదాకా ఆ మనిషి రాష్ట్రపతి కాదు, రాష్ట్రపతిగా ఒక్క సంతకం కూడా పెట్టలేడు. తమ ప్రతినిధుల ద్వారా ఓటు ఇచ్చేది జనం. ఒట్టు ఇచ్చేది పదవి తీసుకునేవాడు. ఒకటి ఇటు నుంచి అటు వెళుతుంది, రెండోది అటు నుంచి ఇటు రావాలి. రెండూ పూర్తయితేనే ఒప్పందం కుదిరినట్టు.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది? రాజులు పట్టాభిషేకం నాడు ప్రమాణం చేయడం చాలా పాతది. ఇంగ్లండులో రాజు, తనకు ముందున్న రాజులు ప్రజలకు ఇచ్చిన చట్టాలనూ ఆచారాలనూ నిలబెడతానని అనేవాడు. వినడానికి బాగానే ఉంది. కానీ చట్టాలు రాజులు దయతో ఇచ్చినవి అన్న అర్థం అందులో దాగి ఉంది. 1688లో రెండో జేమ్స్ రాజు దేశం విడిచి పారిపోయాక, 1689లో విలియం, మేరీలను గద్దె ఎక్కించేటప్పుడు పార్లమెంటు ఆ మాటల్ని మార్చేసింది. పార్లమెంటు అంగీకరించిన చట్టాల ప్రకారమే ఏలుతామని వాళ్ళచేత అనిపించింది. మాట కొద్దిగానే మారింది. కానీ రాజు చట్టం మీద కూర్చోవడం పోయి, చట్టం కింద నిలబడటం మొదలైంది.

వందేళ్ళు గడిచాయి. 1787లో అమెరికా వాళ్ళు ఫిలడెల్ఫియాలో కూర్చుని తమ రాజ్యాంగం రాసుకున్నారు. వాళ్ళకు రాజు లేడు, రాజు వద్దనుకున్నవాళ్ళు. మరి దేశానికి పెద్దగా ఉండే మనిషి ఎవరికి కట్టుబడి ఉంటానని ఒట్టు పెట్టుకోవాలి? ముసాయిదాలో మొదట ఒక్క ముక్కే ఉంది, అధ్యక్ష పదవిని నమ్మకంగా నిర్వహిస్తానని. ఆగస్టు 27న ఆ సభలోని జార్జ్ మేసన్, జేమ్స్ మాడిసన్ రెండో ముక్క చేర్చమన్నారు. రాజ్యాంగాన్ని కాపాడతానని కూడా అనాలని. అదెందుకు, అవసరం లేదని జేమ్స్ విల్సన్ అన్నారు. అయినా సభ ఒప్పుకుంది. అలా మనిషికి కాకుండా, ఒక పుస్తకంలో రాసుకున్న నియమాలకు కట్టుబడతానని దేశాధినేత చేత అనిపించే వాక్యం తయారైంది. ఇంగ్లీషులో మొత్తం 35 మాటలు. 1789 ఏప్రిల్ 30న న్యూయార్కులోని ఫెడరల్ హాలు బాల్కనీలో నిలబడి, కింద జనం చూస్తుండగా, జార్జ్ వాషింగ్టన్ మొదటిసారి ఆ మాటలు పలికారు.

ఇక మన దేశానికి వద్దాం. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం కింద ఎన్నికైన మన శాసనసభ్యులు కూడా బ్రిటిష్ చక్రవర్తికి విధేయంగా ఉంటామని ప్రమాణం చేయాల్సి వచ్చేది. ఆ చక్రవర్తి మనల్ని ఎప్పుడూ చూడలేదు, మన కరువూ ఆయన చూడలేదు. స్వాతంత్ర్యం వస్తున్నప్పుడు, కొత్త దేశంలో ఒట్టు ఎవరికి పెట్టాలన్నది రాజ్యాంగ సభ ముందున్న ప్రశ్న. ఆ సభకు సలహాదారుగా ఉన్న బి.ఎన్. రావు గారు 1947 చివర్లో అమెరికా, కెనడా, ఐర్లండు, బ్రిటన్ దేశాలు తిరిగి, అక్కడి న్యాయకోవిదులతో, నాయకులతో మాట్లాడి వచ్చారు.

మన రాష్ట్రపతి ప్రమాణాన్ని చదివితే ఆ దారుల జాడ కనిపిస్తుంది. దాని సారాంశాన్ని మన వాడుక తెలుగులో ఇలా చెప్పుకోవచ్చు: ఫలానా అనే నేను భారత రాష్ట్రపతి పదవిని నమ్మకంగా నిర్వహిస్తాననీ, నా శక్తి మేరకు రాజ్యాంగాన్నీ చట్టాన్నీ పదిలంగా ఉంచుతాననీ, కాపాడతాననీ, వాటి మీదికి వచ్చే దాడికి అడ్డుగా నిలబడతాననీ, భారత ప్రజల సేవకూ శ్రేయస్సుకూ అంకితమవుతాననీ దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

ఇందులో మొదటి సగం, అంటే పదవీ నిర్వహణ, శక్తి మేరకు రాజ్యాంగ రక్షణ, అమెరికా వాక్యానికి చాలా దగ్గర. ప్రజల సేవకూ శ్రేయస్సుకూ అంకితమవుతానన్న చివరి మాట అమెరికా వాక్యంలో లేదు. అలాంటిది 1937 నాటి ఐర్లండు రాజ్యాంగంలో ఉంది. అక్కడి అధ్యక్షుడు తన శక్తియుక్తులను ఐర్లండు ప్రజల సేవకూ సంక్షేమానికీ అంకితం చేస్తానంటాడు. ఐర్లండూ మనలాగే బ్రిటిష్ పాలన నుంచి బయటపడిన దేశం, ఆకలి చావులు చూసిన దేశం. అలాంటి చోట పుస్తకాన్ని కాపాడతానంటే సరిపోదు, మనుషుల బాగు చూస్తానని కూడా అనాలి. మన పెద్దలకూ ఆ మాట అవసరమనిపించింది. మన రాష్ట్రపతుల్లో తెలుగువారైన వి.వి. గిరి గారు కుర్రతనంలో న్యాయశాస్త్రం చదివింది ఆ ఐర్లండు రాజధాని డబ్లిన్‌లోనే. 1969 ఆగస్టు 24న ఆయన రాష్ట్రపతిగా ప్రమాణం చేస్తూ పలికిన చివరి మాట, తాను చదువుకున్న దేశపు వాక్యానికి దగ్గరి చుట్టం.

ఇప్పుడు పాప రెండో ప్రశ్న, ఏమని పెట్టుకున్నాడు? ఆ వాక్యంలోని మాటలను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూద్దాం.

మొదటిది "ఫలానా అనే నేను". రాజ్యాంగం ఇంగ్లీషు ప్రతిలో ఆ చోట "ఎ.బి." అని రెండు అక్షరాలు ఉంటాయి. ఎ.బి. అన్న పేరుతో ఎవరో ఉన్నారని చాలామంది పిల్లలు అనుకుంటారు. ఎవరూ లేరు. అది మన "ఫలానా" లాంటిది. ప్రమాణం చేసేవారు అక్కడ తమ పేరు పెట్టుకుని చదవాలి. ఆ ఖాళీ ఎంత పెద్ద మాట చెబుతోందో చూడండి. అందులో ఏ కులం పేరూ, ఏ వంశం పేరూ ముందే రాసి లేదు. బీహారు నుంచి వచ్చిన రాజేంద్రప్రసాద్ పేరూ అందులో పట్టింది, ఇల్లూరు నుంచి వెళ్ళిన సంజీవరెడ్డి పేరూ పట్టింది, ఒడిశా సంతాల్ కుటుంబంలో పుట్టిన ద్రౌపదీ ముర్ము పేరూ పట్టింది.

రెండోది "నా శక్తి మేరకు". ఇది తప్పించుకునే మాటలా వినిపించవచ్చు. కాదు. మన వేరుసెనగ రైతును తీసుకోండి. ఎకరాకు ఇన్ని బస్తాలు పండిస్తానని ఆయన ఒట్టు పెట్టగలడా? పెట్టలేడు. వాన ఆయన చేతిలో లేదు. కానీ అదునుకు దుక్కి దున్నుతాననీ, మంచి విత్తనం వేస్తాననీ, కలుపు తీస్తాననీ పెట్టగలడు. నిజాయతీపరుడు తన చేతిలో ఉన్నదానికే పూచీ పడతాడు, ఉన్నదంతా మాత్రం పెడతాడు. ఫిలడెల్ఫియాలో మొదట "నా తెలివీ అధికారమూ ఉన్నంత మేరకు" అన్న అర్థంలో రాసి, తర్వాత "శక్తి" అన్న అర్థానికి మార్చారు.

మూడోది ఒకేలా వినిపించే మూడు క్రియలు. పదిలంగా ఉంచడం, కాపాడటం, అడ్డుగా నిలబడటం. ఒకటి చాలదా అంటే, మళ్ళీ చెరువు దగ్గరికే వెళదాం. చెరువులో ఏటా పూడిక పేరుకుంటుంది. ఎవరూ ఏ చెడ్డపనీ చేయకపోయినా, పట్టించుకోకపోతే చాలు, చెరువు కొంచెం కొంచెంగా చిన్నదైపోతుంది. పూడిక తీసి, ఉన్న లోతును ఉన్నట్టు నిలబెట్టడం పదిలంగా ఉంచడం. పెద్దవాన వచ్చిన రాత్రి కట్ట మీద తిరుగుతూ ఎక్కడ ఊట పడుతోందో చూసి మట్టి వేయడం కాపాడటం. ఎవరైనా కావాలని గడ్డపారతో కట్ట కొట్టడానికి వస్తే ఎదురెళ్ళి నిలవడం అడ్డుగా నిలబడటం. నిర్లక్ష్యం, ప్రమాదం, దాడి అని చెరువుకు వచ్చే ఆపదలు మూడు రకాలు కాబట్టి మాటలూ మూడు కావాలి. రాజ్యాంగానికీ ఇవే మూడు ఆపదలు. అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ఊరి కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ మనందరికీ తెలుసు. దాన్ని కట్టమంచి రామలింగారెడ్డి గారు కావ్యంగా రాశారు. కట్ట విలువ ఎంతో చెప్పడానికి మన జిల్లాకు వేరే కథ అక్కర్లేదు.

ముఖ్యమంత్రులూ మంత్రులూ ఇంచుమించు ఇదే ఒట్టు పెడతారు కదా అనిపించవచ్చు. కొంచెం తేడా ఉంది. మంత్రులు రాజ్యాంగం పట్ల విశ్వాసంగా, విధేయంగా ఉంటామంటారు. భయం గానీ పక్షపాతం గానీ, రాగం గానీ ద్వేషం గానీ లేకుండా పని చేస్తామంటారు. రహస్యాలు బయటపెట్టమని ఇంకో ప్రమాణం కూడా చేస్తారు. అంటే వాళ్ళు రాజ్యాంగం మాట వింటామంటున్నారు. రాష్ట్రపతీ, రాష్ట్రాల్లో గవర్నర్లూ అయితే దాన్ని కాపాడతామంటారు. ఆయకట్టు రైతు వంతు తప్పనంటాడు, నీరుగంటి చెరువును చూసుకుంటానంటాడు. రెండూ కావాలి.

ఇక మూడో ప్రశ్న. ఎవరి మీద పెట్టుకున్నాడు? అంటే సాక్షి ఎవరు?

ఇక్కడ రాజ్యాంగం రెండు దారులు చూపింది. దేవుడి పేరు మీద ప్రమాణం చేయవచ్చు, లేదా దేవుడి ప్రస్తావన లేకుండా సత్యనిష్ఠతో ప్రతిజ్ఞ చేయవచ్చు. ఈ రెండో దారి నాస్తికుల కోసమే వచ్చిందనుకుంటాం గానీ, మొదట అడిగింది మహా భక్తులు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు ఇంగ్లండులో ఒట్టు పెట్టడానికి ఒప్పుకునేవారు కాదు. మనిషి ఎప్పుడూ నిజమే చెప్పాలి, ఒట్టు పెట్టినప్పుడే నిజం చెబుతానంటే మిగతా వేళల్లో చెప్పనన్నట్టే కదా అన్నది వాళ్ళ వాదన. వాళ్ళ కోసం 17వ శతాబ్దం చివర్లోనే ప్రతిజ్ఞకు వీలు కల్పించారు. నాస్తికుల వంతు తర్వాత వచ్చింది. 1880లో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైన చార్లెస్ బ్రాడ్లా ఈ గొడవ వల్లే 1886 దాకా నిలకడగా సభలో కూర్చోలేకపోయారు. 1888లో ఆయన పట్టుదలతోనే చట్టం మారింది.

మన రాజ్యాంగ సభలోనూ దీని మీద చర్చ జరిగింది. 1948 డిసెంబరు చివర్లో ఈ అధికరణం చర్చకు వచ్చినప్పుడు, దేవుడి పేరు వాక్యంలో స్పష్టంగా ఉండాలని హెచ్.వి. కామత్ వంటి సభ్యులు కోరారు. నమ్మేవారికి ఆ మాట ఇచ్చారు, నమ్మనివారికి ప్రతిజ్ఞ మిగిల్చారు. ఆ కామత్ గారే 1949 అక్టోబరులో రాజ్యాంగ ప్రవేశికను కూడా దేవుడి పేరుతో మొదలుపెట్టాలన్నారు. ఓటింగులో 41 మంది సరేనంటే 68 మంది వద్దన్నారు. ఈ రెండు నిర్ణయాలూ ఒకదానికొకటి ఎదురు కాదు. ప్రవేశికలో మాట్లాడేది దేశమంతా, అందరి తరఫునా ఒకరి నమ్మకాన్ని చెప్పలేం. ప్రమాణంలో మాట్లాడేది ఒక మనిషి. ఆ మనిషి మనసుకు ఎవరు సాక్షో ఆ మనిషే చెప్పుకోవాలి.

పైన దేవుడో మనస్సాక్షో ఉన్నా, ఎదురుగా కనిపించే సాక్షి కూడా ఉండాలి. అందుకే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎదుట ప్రమాణం చేయాలని రాశారు. అమెరికా రాజ్యాంగం ఎవరి ఎదుట అన్నది చెప్పలేదు. దాంతో 1923 ఆగస్టులో, అధ్యక్షుడు హార్డింగ్ హఠాత్తుగా చనిపోయినప్పుడు, వెర్మాంటు పల్లెలో తండ్రి ఇంట్లో ఉన్న ఉపాధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ చేత ఆ రాత్రి కిరోసిన్ దీపం వెలుగులో తండ్రే ప్రమాణం చేయించాడు. ఆ తండ్రి నోటరీ. మన పెద్దలు మాత్రం ఆ చోటును ఖాళీగా వదల్లేదు. రాష్ట్రపతి కాపాడతాననేది రాజ్యాంగాన్నీ చట్టాన్నీ. ఆ రెండింటికీ అర్థం చెప్పే పెద్ద ఇల్లు సుప్రీంకోర్టు. కాబట్టి ఆ ఇంటి పెద్దే ఎదురుగా నిలబడి వినడం సబబు. ప్రధాన న్యాయమూర్తి అందుబాటులో లేకపోతే, ఉన్నవారిలో సీనియర్ న్యాయమూర్తి చేయించాలని కూడా రాశారు. అదెంత ముందుచూపో 1969లో తెలిసింది. మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ మరణించారు. తాత్కాలికంగా ఆ బాధ్యత చూస్తున్న ఉపరాష్ట్రపతి గిరి గారు పోటీ చేయడానికి జూలై 20న రాజీనామా చేశారు. రెండు కుర్చీలూ ఖాళీ. ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా గారే రాష్ట్రపతి బాధ్యతలు తీసుకోవాల్సి వచ్చింది. తన ఒట్టుకు తనే సాక్షి కాలేరు కదా. అలాంటి రోజు కోసమే ఆ చిన్న మాట రాసి ఉంది.

ఇంకో సంగతి. నోటితో పలికితే సరిపోదు, సంతకం కూడా చేయాలి. అప్పు తీసుకునేటప్పుడు నోటి మాట ఎంత గట్టిగా ఇచ్చినా, ప్రాంసరీ నోటు మీద వేలిముద్రో సంతకమో పెట్టించుకుంటారు కదా. నోటి మాట అక్కడున్నవారు వినడానికి, సంతకం అక్కడ లేనివారు, ఇంకా పుట్టనివారు చూడటానికి. మాటలు కూడా సరిగ్గా పలకాలి. 2009 జనవరి 20న బరాక్ ఒబామా చేత ప్రమాణం చేయిస్తూ అమెరికా ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ "నమ్మకంగా" అన్న అర్థమిచ్చే మాటను వాక్యంలో ఒక చోట పలకాల్సింది ఇంకో చోట పలికారు. మాట పోలేదు, చోటు మారిందంతే. అయినా ఎవరికీ సందేహం మిగలకూడదని, మరుసటి రోజు వైట్ హౌస్‌లో మళ్ళీ చేయించారు.

ఇప్పుడు మన ఇల్లూరు మనిషి దగ్గరికి వద్దాం. 1913 మే 19న పుట్టిన సంజీవరెడ్డి గారు అనంతపురం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో చదువుతూ స్వాతంత్ర్య ఉద్యమంలోకి వెళ్ళారు. రాజ్యాంగ సభలో సభ్యులయ్యారు. 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. తర్వాత లోక్‌సభ స్పీకరయ్యారు. 1969లో రాష్ట్రపతి పదవికి పోటీ చేసి, ఇందాక చెప్పుకున్న గిరి గారి చేతిలోనే ఓడిపోయారు. గిరి గారికి 4,20,077 విలువ గల ఓట్లు వస్తే, ఈయనకు 4,05,427. గెలుపు అంచుదాకా వచ్చి ఆగిన ఆ రోజుకూ, ఒట్టు పెట్టిన రోజుకూ మధ్య దాదాపు ఎనిమిదేళ్ళు.

1977 ఫిబ్రవరి 11న రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. అలా ఖాళీ అయితే ఆరు నెలల్లో ఎన్నిక జరగాలి, అంటే ఆగస్టు 11 లోపల. 37 మంది నామినేషన్లు వేస్తే పరిశీలనలో 36 చెల్లలేదు. మిగిలిన ఒక్కరు సంజీవరెడ్డి గారు. పోటీ లేకుండా ఎన్నికయ్యారు. ఒక్క ఓటూ పడనక్కర్లేకుండా గెలిచినా ఒట్టు మాత్రం తప్పలేదు. జూలై 25న పార్లమెంటు సెంట్రల్ హాలులో, ప్రధాన న్యాయమూర్తి ఎం.హెచ్. బేగ్ ఎదుట ఆయన ఆ వాక్యాన్ని పలికారు. రాజ్యాంగ సభ కూర్చున్నదీ ఆ హాలులోనే. ఆ పుస్తకం రాసుకున్న సభలో ఒకడిగా ఉన్న మనిషి, అదే కప్పు కింద నిలబడి, దాన్ని కాపాడతానని మాట ఇచ్చారు.

ఆ తేదీ అప్పటి నుంచి మారలేదు. ఆయన అయిదేళ్ళూ పూర్తి చేసి 1982 జూలై 25న దిగారు, అదే రోజు జ్ఞానీ జైల్‌సింగ్ ప్రమాణం చేశారు. ఆ తర్వాత వచ్చినవారిలో పదవీకాలం ముగించినవారంతా పూర్తి అయిదేళ్ళూ ఉండటంతో, 2022లో ద్రౌపదీ ముర్ము దాకా, సంజీవరెడ్డి గారితో కలిపి పది మంది వరుసగా జూలై 25నే ప్రమాణం చేశారు. చట్టంలో ఆ తేదీ ఎక్కడా లేదు. ఆ వరుసకు మొదటివాడు మన జిల్లావాడు, అంతే.

ఒట్టు తప్పితే ఏమవుతుందని పాప అడగలేదు గానీ, అడగాల్సిందే. దానికీ జవాబు ప్రమాణం పక్కనే రాసి ఉంది. 60వ అధికరణం ఒట్టు గురించి, 61వది ఆ ఒట్టు మీరితే పదవి నుంచి తొలగించడం గురించి. రాజ్యాంగాన్ని ఉల్లంఘిస్తే పార్లమెంటు విచారణ జరిపి, రెండు సభల్లోనూ ఆయా సభ మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే రాష్ట్రపతిని దించవచ్చు. ఇప్పటిదాకా ఎవరినీ అలా దించాల్సిన అవసరం రాలేదు.

కాబట్టి పాపా, నీ మూడు ప్రశ్నలకూ జవాబులు ఇవి. ఎందుకంటే, గెలుపు కుర్చీ ఇస్తుంది గానీ ఆ కుర్చీలో ఎలా కూర్చోవాలో చెప్పదు. ఏమనంటే, పదవి నమ్మకంగా చేస్తాననీ, రాజ్యాంగాన్ని కాపాడతాననీ, ప్రజలకు అంకితమవుతాననీ. ఎవరి మీదంటే, ఎవరి మనసుకు ఎవరు పెద్దో వారి మీద. మరి ఎవరికి? ఇదే అన్నిటికంటే ముఖ్యం. రాష్ట్రపతికి మనం నేరుగా ఓటు వేయం. మన ఎమ్మెల్యేలూ ఎంపీలూ వేస్తారు. కానీ ఒట్టు వాళ్ళ పేర ఉండదు. అది భారత ప్రజలకు, అంటే ఎండిన చేను వైపు చూస్తున్న మీ నాన్నకు, బడి సంచి దించిన నీకు నేరుగా ఇచ్చిన మాట.

అన్నీ అనుకున్నట్టు జరిగితే 2027 జూలై 25న ఆ వాక్యం మళ్ళీ వినిపిస్తుంది. ఆ రోజు మీ ఇంట్లో టీవీ ముందు పిల్లల్ని కూర్చోబెట్టండి. పదవి, రాజ్యాంగం, ప్రజలు అన్న ఆ మూడు మాటలు వాళ్ళచేత వేళ్ళ మీద లెక్కపెట్టించండి. మనకు మాట ఇస్తున్నప్పుడు మనం వినకపోతే, రేపు గుర్తు చేయడానికి ఎవరూ ఉండరు.